ఇప్పచెట్టు కింది మట్టి

పెరట్లో అడవి కావాలన్నాడు నాగరాజు. అదీ గృహప్రవేశం లోపల కావాలన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే రోడ్డు పక్కన నాదొక చిన్న నర్సరీ. మా ఆయన బతికున్న రోజుల్లో మామిడి అంట్లు, గులాబీలు అమ్మేవాళ్లం. ఆయన పోయాక నా ఇష్టం నాదైంది. ఇప్ప, నల్లమద్ది, ఏగిస, మోదుగ, నేరేడు, తునికి పెంచడం మొదలుపెట్టాను. ఈ నేలలో పుట్టి ఈ ఎండకు ఓర్చుకునే చెట్లు. ఎవడూ కొనడు. వచ్చినవాడల్లా ఫోనులో ఏదో రంగురంగుల ఆకు చూపించి "బీబమ్మా, ఇది లేదా?" అంటాడు. లేదు, పోరా అంటాను. ఇమాంబీ నోరు మంచిది కాదని చుట్టుపక్కల అందరికీ తెలుసు. మంచిదని నేనూ ఎప్పుడూ చెప్పుకోలేదు.

నాగరాజు రోడ్ల కాంట్రాక్టరు. సొంతూరు సత్తుపల్లి. అక్కడ బొగ్గు టిప్పర్లు తిప్పి పైకొచ్చి, భద్రాచలం చివర పెద్ద ఇల్లు కట్టాడు. ఇప్పుడు గొప్పవాళ్ల ఇళ్లలో అడవి చెట్లు పెట్టడమే ఫ్యాషనట. హైదరాబాదులో ఎవరిదో పెరటి వీడియో చూపించి, అచ్చం అట్లాగే ఉండాలన్నాడు.

"ఉన్నయ్ గదా, తీస్కపో," అని జానెడు ఎత్తున్న ఇప్ప మొక్కలు చూపించాను.

"ఇవి చెట్లయ్యేదెప్పుడు?"

"ఇప్పచెట్టు జల్దీ పెరగదు సారూ. పాలూ పువ్వూ పట్టిన చెట్టు గావాల్నంటే పదేళ్లు దాటాలె."

"పదేళ్లా! అప్పటిదాకా ఎవడాగుతాడు బీబమ్మా? పెరిగిన చెట్టునే తెచ్చి పెడదాం. నేను చూసి పెట్టుకున్నాలే."

"చెట్టంటే బీరువా అనుకున్నవా? ఈడ లేపి ఆడ పెట్టనీకె?"

పగలబడి నవ్వాడు. "అందుకే గదా నీ దగ్గరికొచ్చింది. వేళ్లెట్లా కట్టాలో, ఎట్లా బతికించాలో నీకు తెలుసు. తవ్వేది మీ పర్వేజే."

పర్వేజ్ నా చెల్లెలి కొడుకు. వాడి జేసీబీ నాగరాజు పనుల మీదే నడుస్తుంది. నేను పోకపోతే వాళ్లిద్దరూ కలిసి చెట్టును గుంజి, తాళ్లేసి, రోడ్డు మీద ఈడ్చుకొచ్చి చంపుతారు. చెట్టు మీద జాలితో గోనెసంచులు, తాళ్లు సర్దుకుని బయల్దేరాను. వాడి మీద జాలితో కాదు.

దుమ్ముగూడెం దాటి చాలా లోపలికి పోతే ఒక గూడెం. దానికి తారురోడ్డు వేసే పని నాగరాజుదే. అటు తిరుగుతున్నప్పుడే గంగయ్య అనే అతని పెరట్లో ఇప్పచెట్టు కంటపడింది. కుండంత లావు మొదలు, గుండ్రంగా గొడుగు పట్టిన కొమ్మలు. చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. గంగయ్యకు తన ఇంట్లో వాచ్‌మన్ పని ఇస్తానన్నాడు నాగరాజు. గంగయ్య సరేనన్నాడు. ఆ చెట్టును నాటింది గంగయ్య తల్లి. ఆమె ఇప్పుడు లేదు కాబట్టి ఎవరినీ అడగాల్సిన అవసరం లేదనుకున్నాడు గంగయ్య. పెళ్లాం ఉంది. ఆమెనూ అడగలేదు.

మేం పోయేసరికి ఆ పెళ్లాం, ముత్తక్క, చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. పర్వేజ్ బండి ఇంజన్ వేసినా కదల్లేదు. సన్నటి మనిషి. లేచి నాగరాజు ముందుకొచ్చి చేతులు జోడించింది.

"ఇంకేదన్న తీస్కపోండ్రి సారూ. ఈ ఒక్కటి ఒద్దు. దీని కింద నా బిడ్డ ఉంది."

పర్వేజ్ ఇంజన్ ఆపాడు.

పాలు తాగే వయసులో పోయిన బిడ్డను ఆ గూడెంలో పెద్దవాళ్లతో పాటు పెట్టరట. ఇప్పచెట్టు కింద పెడతారట. ఇప్పచెట్టును గిల్లితే పాలు కారుతాయి. తల్లి ఇవ్వలేని పాలు ఇక చెట్టే ఇస్తుంది. ముత్తక్కకు ఒక్కతే ఆడపిల్ల పుట్టింది. ఈమెకు పాలు పడలేదు. పురుటి నెల దాటకుండానే పిల్ల పోయింది.

"నా రొమ్ములల్ల చుక్క లేకపాయె," అంది ముత్తక్క. "గందుకే చెట్టుకు అప్పజెప్పిన. ఇప్పుడు కడుపు నిండ తాగుతున్నది. దాన్ని లేపకుండ్రి."

తౌబా! చేతిలోని తాళ్లు కింద పడేశాను. నాగరాజు మాత్రం కాసేపు గడ్డం గోక్కుని నవ్వాడు.

"ఓస్, దీనికేనా? చెట్టుతో పాటు మట్టి కూడా వస్తది గదా. నీ పిల్లా వస్తది. నువ్వూ రా. నీళ్లు పోసుకుంటూ అక్కడే ఉండు. ఇక్కడైతే నీళ్లకి దిక్కు లేదు, నా ఇంట్లో బోరుంది."

"ముత్తక్కా, ఒద్దని చెప్పు," అన్నాను. "నువ్వు ఒద్దన్నవంటే ఇప్పుడే బండి వాపస్ తిప్పిస్త. ఎవడు తవ్వుతడో నేను చూస్త."

ఆమె మొగుడి వైపు చూసింది. గంగయ్య వాళ్ల భాషలో ఏదో గొణిగాడు. ఒకసారి కాదు, చాలాసేపు. చివరికి ఆమె తలూపింది.

"మట్టంత రావాలె సారూ. పిడికెడు గూడ ఈడ మిగలొద్దు."

"మాటిస్తున్నా. సరేనా?" అన్నాడు నాగరాజు.

వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా పెద్ద ముద్దగా తీసి, గోనెసంచులు చుట్టి, పురికొసతో గట్టిగా కట్టాను. గుంటలో రాలిన మట్టిని ముత్తక్క చేతులతోనే ఊడ్చి ఇంకో సంచిలో పోసింది. చెట్టును ఎక్కించిన లారీ వెనక ఆ సంచిని పెట్టనివ్వలేదు. డ్రైవర్ పక్కన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో నాగరాజు గొంతు తగ్గించాడు. "మా శారద ముందర ఈ సంగతి అనకు బీబమ్మా. అనవసరంగా భయపడుద్ది. తర్వాత నేనే చెప్తా."

"నీ పెండ్లానికి నువ్వు చెప్పుకో. నాకేం పని?" అన్నాను. ముత్తక్కకు మాత్రం అతను ఏమీ చెప్పలేదు. నీళ్లు పోసే మనిషి ఇంటావిడతో ఏం మాట్లాడుతుందిలే అనుకున్నట్టున్నాడు.

కొత్త ఇంటి పెరట్లో గోనె విప్పకుండానే చెట్టును గుంటలో నిలబెట్టాం. ముత్తక్క సంచిలోని మట్టిని చివరి గింజ దాకా దులిపి మొదట్లో పోసింది. పదిరోజులు తిరక్కుండానే ఆకంతా రాలిపోయింది. మోడు మిగిలింది. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు "ఎండిపోయిన చెట్టు తెచ్చి పెట్టాడేంటి" అని ముసిముసిగా నవ్వుకున్నారు. నాగరాజు నా మీద ఎగిరాడు. పెరిగినదాన్ని పీకినప్పుడు అట్లాగే ఉంటుంది, నిన్ను నీ మంచంతో సహా పీకి అడవిలో పెడితే నీ మొహం ఎట్లుంటదో చూస్కో అన్నాను.

ముత్తక్క ఆ చెట్టును విడిచి కదిలేది కాదు. పొద్దున కాసిని, సాయంత్రం కాసిని నీళ్లు పోసేది. ఎండ తగలకుండా మొదలుకు తడి గోనె చుట్టేది. మిగతా పనంతా అయ్యాక అక్కడే కూర్చుని వాళ్ల భాషలో ఏదో మాట్లాడేది. నేను వారం వారం పోయి చూసేదాన్ని. పోయిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"బతికే ఉన్నదా ఇమాంబక్కా?"

ఆమె అడిగేది చెట్టు గురించి కాదని నాకు తెలుసు. ఒకనాడు గోరుతో బెరడు కొంచెం గీకాను. లోపల పచ్చగా ఉంది. చూస్తుండగానే తెల్లటి చుక్క ఒకటి ఊరింది. ముత్తక్క ఆ చుక్కను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. ఆ తర్వాత ఎండలు ముదిరే వేళకు కొమ్మల చివర రాగి రంగు చిగుళ్లు వచ్చాయి. చుట్టాలకు మళ్లీ ఫోటోలు వెళ్లాయి. శారద కూడా మురిసిపోయింది. నిజం చెప్పాలంటే ఆమె చెడ్డదేం కాదు. ముత్తక్కకు వేడివేడిగా అన్నం పెట్టేది, పాత చీరలిచ్చేది, మా ఇప్పమ్మ అని పిలిచేది.

ఆ ఎండల్లోనే శారద కూతురు పురిటికి వచ్చింది. దవాఖానాలో కాన్పై, బిడ్డతో ఇంటికొచ్చింది. పచ్చి బాలింత, పాలు సరిగా పడలేదు. డబ్బాపాలు పడితే పిల్ల కక్కేసేది. పొద్దంతా ఒకటే ఏడుపు. ఇల్లంతా ఆ ఏడుపే.

ఆ రోజు నేను పెరట్లో పాదులు సరిచేస్తున్నాను. శారద మనవరాల్ని భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతోంది. ముత్తక్క చేతిలో చెంబు కింద పెట్టి ఆమె దగ్గరికి పోయింది. పాలకోసం ఏడ్చే పిల్ల గొంతు ముత్తక్కకు ఇంకొకరు చెప్పాలా!

"అమ్మా, బిడ్డను ఇటు తే. చెట్టు కింద జరసేపు పండుకోబెట్టు. ఇది ఇస్తది పాలు. నా బిడ్డ గూడ దీని పాలే తాగుతున్నది."

శారద నవ్వింది. "నీ బిడ్డా? నీకు బిడ్డ ఉన్నట్టే చెప్పలేదే! ఎక్కడుంది?"

"ఈడనే," అని ముత్తక్క చెట్టు మొదట్లో మట్టి చూపించింది. ఆ ముఖంలో ఎంత సంతోషమో! "చిగురు వచ్చింది గదమ్మా, అంటే తాగుతున్నట్టే. దీనికి గూడ ఇంత పెడ్తది. ఒద్దనదు."

లేచి ఆమె నోరు మూద్దామనుకున్నాను. ఏం లాభం, అప్పటికే అంతా అయిపోయింది. శారద ముఖంలో రక్తం లేదు. పిల్లను రెండు చేతులా గుండెకు అదుముకుని వెనక్కి వెనక్కి నడిచి ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. లోపలి నుంచి కేక వినబడింది. "పసిపిల్ల ఉన్న ఇంట్లో శవమా! నాయనోయ్, శవాన్ని పాతి నీళ్లు పోస్తున్నారా!"

ముత్తక్కకు ఏమీ అర్థం కాలేదు. "ఏమన్న తప్పన్ననా ఇమాంబక్కా?" అంది.

నాగరాజు వచ్చాడు. పర్వేజ్‌నూ వెంటబెట్టుకొచ్చాడు. గంగయ్యను గేటు దగ్గర నుంచి పిలిచారు. శారద గడప లోపల నిలబడి మొగుడిని ఒకటే ప్రశ్న అడిగింది. "నీకు తెలుసా, తెలియదా?"

అతను కళ్లార్పకుండా "నాకెవరు చెప్పారు?" అన్నాడు. "నేను చెట్టు తెచ్చాను. మట్టిలో ఏం కలిపి పంపారో నాకేం తెలుసు? పచ్చని ఇంటి మీద ఏదో చేయించాలని చూసినట్టున్నారు."

"నీ నోట్ల మన్నువడ!" అని అరిచాను. "చేతులు జోడించి చెప్పింది గదరా నీకు! నా ముందర చెప్పింది, వీని ముందర చెప్పింది. అడుగు శారదమ్మా, పర్వేజ్‌ని అడుగు!"

పర్వేజ్ ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. "నేను బండిలో ఉన్న ఖాలా, నాకేం వినవడలె," అన్నాడు.

నాగరాజు గంగయ్య వైపు తిరిగాడు. "చెప్పు గంగయ్యా. మీ ఆవిడ ఈ మాట నాకు చెప్పిందా?"

గంగయ్య ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది. కొత్తది, జేబు మీద విజిల్ తాడు వేలాడుతోంది. దాన్ని వేళ్లతో తిప్పుతూ నేల చూశాడు.

"లేదు సారూ. ఆడ బిడ్డ ఉన్నట్టు నాకే తెల్వదు."

కన్న తండ్రి అన్న మాట ఇది. ముత్తక్క అతని వైపు చూసింది, అంతే. గడప దగ్గరికి పోయి శారద కాళ్లకు అందేంత దూరంలో కూర్చుంది.

"చెట్టును నరుక్కోండ్రి అమ్మా. మట్టి ఒక్కటి నాకియ్యండ్రి. గంపల పెట్టుకుని నడిచిపోత."

"ఇస్తాంలే," అన్నాడు నాగరాజు. "పొద్దున్నే వచ్చి తీస్కపో. ముందు గేటు బయటికి నడువు."

ఇంత మెత్తగా అన్నాడంటే నాకప్పుడే అనుమానం రావాల్సింది. ముత్తక్కను నా ఇంటికి తీసుకుపోయాను. ముద్ద ముట్టలేదు. తెల్లారగానే గంప, పార పట్టుకుని ఇద్దరం ఆటోలో పోయాం. గేటు తీసింది గంగయ్యే. పెరట్లో చెట్టు లేదు. కొమ్మలు, మొద్దు విడివిడిగా గోడ పక్కన పడి ఉన్నాయి. గుంటను నిలువెత్తు తోడేశారు. లోపల పసుపునీళ్లు చల్లి ఉన్నాయి.

"మట్టి యాడ?" అంది ముత్తక్క.

"టిప్పర్ల పోయింది."

"యాడికి?"

గంగయ్య గేటు వైపు తిరిగాడు. నేను చొక్కా పట్టుకుని ఊపాను. అప్పుడు చెప్పాడు. "రోడ్డు పనికి. మన గూడెం రోడ్డుకే."

ఆ ఆటోలోనే రోడ్డు పని దగ్గరికి పోయాం. తవ్విన మట్టిని ఎందుకు పారెయ్యాలి, రోడ్డు కట్టకు పనికొస్తుంది కదా! టిప్పర్లు వరసగా వచ్చి మట్టి గుమ్మరిస్తున్నాయి. ఒక బండి దాన్ని ముందుకు నెట్టి సాపు చేస్తోంది. దాని వెనక రోలర్ తిరుగుతోంది. భద్రాచలం నుంచి తెల్లవారుజామున వచ్చిన లోడు ఎక్కడ పోశారని అడిగితే మేస్త్రి విసుక్కున్నాడు. "ఎన్ని లోడ్లు వస్తయమ్మా, ఏది యాడ పోసిన్రో ఎవడు చూస్తడు? ఈ కట్టంత అదే."

ముత్తక్క కట్ట మీద వంగి వెతకడం మొదలుపెట్టింది. నేను కట్టిన గోనె పీలిక ఒకటి దొరికింది. దాని చుట్టూ చేతులతో తవ్వబోయింది. అంతలో అల్లంత దూరాన ఇంకో పీలిక కనబడింది. ఇంకా ముందుకు పోతే పురికొస ముక్క. పిల్ల ఒక్కచోట లేదు. సాపు చేసే బండి ఆ మట్టిని రోడ్డు పొడుగునా పరిచేసింది. రోలర్ డ్రైవర్ హారన్ కొట్టి, తప్పుకోమని బూతులు తిట్టాడు. ఆమె చెయ్యి పట్టి పక్కకు లాగింది నేనే. లాగకపోతే దాని కిందే పడుకునేదేమో. ఇద్దరం పక్కన నిలబడ్డాం. రోలర్ పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది.

వానలకు ముందే తారు పడింది. మంచి రోడ్డేనట. గూడెం వాళ్లు సంతోషపడ్డారు, ఎందుకు పడరు, వానాకాలం మంచం మీద మోసుకొచ్చే రోగులు ఇక ఆటోలో వస్తారు. ముత్తక్క ఒక్కతే ఆ రోడ్డు ఎక్కదట. పక్కన ముళ్లలోంచి నడుస్తుందట. పిల్లలు ఆమెను చూసి ఎగతాళి చేస్తారట. గంగయ్య ఇంకా ఆ గేటు దగ్గరే ఉన్నాడు. మొన్న నాగరాజు నర్సరీ ముందు కారు ఆపి, పెరట్లో గుంట ఖాళీగా ఉంది, ఏదైనా శుభ్రమైన చెట్టు చూడమన్నాడు. నీళ్ల పైపు నా చేతిలోనే ఉంది. కారు లోపలికంటా కొట్టాను. తుడుచుకుంటూ పోయాడు. అతనికి జరిగిన నష్టం అంతే.

మొదటి గట్టి వాన పడిన మర్నాడు ముత్తక్క వచ్చింది. అరికాళ్ల నిండా ముళ్ల గాట్లు. చాయ్ ఇస్తే తాగింది. మొక్కల మధ్య తిరిగి ఇప్ప మొక్కల ముందు ఆగింది.

"ఇవి గావాలె ఇమాంబక్కా."

"తీస్కపో. ఎన్ని గావాలె?"

"ఉన్నయన్ని."

"అన్ని ఏం జేస్కుంటవే?"

"రోడ్డు పొడుగున రెండు దిక్కుల పెడత. యాడున్నదో తెల్వదు గదా. ఏ వేరన్న దానికాడికి పోతది."

ఆటో పిలిచి మొక్కలు ఎక్కించడం మొదలుపెట్టాను. ఆమె ఒక సంచి చేతిలోకి తీసుకుని, జానెడు మొక్కను కిందికీ పైకీ చూసింది.

"ఇది పాలిచ్చే చెట్టు ఎప్పుడైతది?"

నాగరాజు కూడా ఇదే అడిగాడు. అతనికి టక్కున చెప్పాను. ఈమెకు అబద్ధం చెబుదామని చూశాను, నోటికి రాలేదు.

"పదేళ్లు దాటాలె," అన్నాను.

ముత్తక్క మొక్కను ఒళ్లోకి తీసుకుంది. దాని ఆకు మీది వాన నీటిని వేలితో తుడిచింది.

"అప్పటిదాక ఏం తాగుతది?" అంది.

నేను వంగి ఇంకో మొక్క అందుకుని ఆటోలో పెట్టాను.